గాలి చొరని సంచి

సైకిలు ఎరుగని పల్లె లేదు. చక్రములో ముల్లు గ్రుచ్చుకొనలేదు, వాల్వు చెడలేదు. అయినను కొన్ని వారములు వాడక మూలనుంచిన సైకిలు చక్రము మెత్తబడి నేలకు ఆనుకొనును. ట్యూబును నీళ్ల పళ్లెములో ముంచి చూచినను ఒక్క బుడగయైనను రాదు. రంధ్రము లేనప్పుడు గాలి ఎటు పోయినది?

అది రబ్బరు గుండనే పోయినది. మన కంటికి గట్టిగా కనిపించు రబ్బరు పొర గుండ గాలి కొంచెము కొంచెముగా బయటికి నడచిపోవుచునే ఉండును.

ఈ చిన్న సంగతికిని, కంది, పెసర, వేరుశనగ పండించిన రైతు తన గింజను పుచ్చిపోకుండ కాపాడుకొనుటకును దగ్గరి సంబంధము కలదు. గాలిని అడ్డగించు పొరలను శాస్త్రజ్ఞులు ఎట్లు మెరుగుపరచిరో, ఆ విద్య గ్రామమునకు ఎట్లు ఉపయోగించునో, దానిని నమ్ముకొనుటకు ముందు ఏ జాగ్రత్తలు అవసరమో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మంచిది.

గాలి పొరను దాటు విధము

రబ్బరును, ప్లాస్టిక్కును పొడవైన గొలుసుల వంటి అణువులతో ఏర్పడినవి. గడ్డివామును దూరము నుండి చూచినచో ఒకే ముద్దవలె కనిపించును. దగ్గరకు పోయినచో పరకకును పరకకును నడుమ సందులు కనబడును. రబ్బరులోని గొలుసులును ఇట్టివే. పైగా అవి ఎల్లప్పుడు కదలుచుండుటచే సందులు క్షణక్షణము తెరచుకొని మూసికొనుచుండును. గాలి అణువు ముందుగా పొరలో కరగి, ఒక సందు నుండి మరియొక సందునకు గెంతుచు, రెండవ ప్రక్కకు చేరును. దీనికి రంధ్రముతో పని లేదు.

పొర మందమైనకొలది ఈ ప్రయాణము నెమ్మదించును. వేడి హెచ్చినకొలది వేగము హెచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది పొర యొక్క స్వభావము. చెట్టు పాలతో చేసిన సహజ రబ్బరు గాలిని సులభముగా పోనిచ్చును. 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞులు బ్యూటైల్ అను కృత్రిమ రబ్బరును తయారుచేసిరి. దీని గొలుసులు ఒకదానినొకటి ఒరసికొని బరువుగా కదలును. అందువలన దానిగుండ పోవు గాలి సహజ రబ్బరుతో పోల్చినచో సుమారు పదవ వంతు మాత్రమే. వాహనముల ట్యూబులకు బ్యూటైల్ రబ్బరు వాడుటకు కారణము ఇదియే.

ప్లాస్టిక్కులలోను ఇట్టి భేదములు కలవు. 1933లో ఇంగ్లండులో కనుగొనబడిన పాలిథీను నీటి తేమను చక్కగా ఆపును గాని ప్రాణవాయువును అంతగా ఆపదు. నైలాను దానికంటె పదుల రెట్లు ఎక్కువగా ప్రాణవాయువును అడ్డగించును గాని తడిని పీల్చుకొనును. ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్ అను మరియొక ప్లాస్టిక్కు పొడిగా ఉన్నంతవరకు పాలిథీను కంటె వేల రెట్లు మేలు. తడి తగిలినచో దాని పట్టు సడలును. ఒకదానికి ఉన్న గుణము మరియొకదానికి లేదు. కనుకనే రెండింటిని కలిపి వాడవలెనను ఆలోచన పుట్టినది.

కలుపుటలోని కిటుకు

కలుపుట అనినంతమాత్రమున పాలును నీరును కలిసినట్లు ఇవి కలియవు. పాలిథీనును నైలానును కరగించి ఒకచోట పోసినచో నూనెయు నీరును వలె వేరుగానే ఉండును. నైలాను చిన్న చిన్న ఉండలుగా పాలిథీను నడుమ నిలుచును. ఉండకును దాని చుట్టునున్న పాలిథీనుకును పొత్తు లేనందున నడుమ సన్నని ఎడము ఏర్పడును. గాలికి అదియే రాజమార్గము.

దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది, రెండింటికిని సంధి కూర్చు పదార్థమును చేర్చుట. నూనె జిడ్డును నీటితో కలుపుటకు సబ్బు ఎట్లు ఉపయోగించునో, ఇదియు అట్లే. దాని ఒక కొస పాలిథీనును, మరియొక కొస నైలానును పట్టుకొనును. రెండవది, ఉండలను పలకలుగా మార్చుట. కరగిన మిశ్రమమును పొరగా సాగదీయునప్పుడు ఉండలు అణగి పలుచని పలకలై, పెంకుటింటి కప్పు మీది పెంకులవలె ఒకదానిపై ఒకటి పరచుకొనును. గుండ్రని ఉండను గాలి సులభముగా చుట్టి పోగలదు. పలకను దాటుటకు దాని అంచు వరకు ప్రక్కకు నడచి, మరల తరువాతి పలక అంచును వెదకుకొనవలెను. పొర మందము పెరగకుండనే గాలి నడువవలసిన దారి పెరుగును.

ఇట్టి పలకలను ప్రకృతియే సిద్ధముగా ఇచ్చినది. నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు అభ్రకమును చూచినవారు దానిని రేకులు రేకులుగా విడదీయవచ్చునని ఎరుగుదురు. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చుటకు కారణమైన మాంట్‌మోరిల్లొనైట్ అను బంకమట్టి ఖనిజమును ఇట్టి రేకుల దొంతియే. దాని ఒక్క రేకు మందము సుమారు తల వెండ్రుక మందమును యాబది వేల భాగములు చేసినచో ఒక భాగమంత. 1980ల చివర జపానులోని టయోటా సంస్థ పరిశోధకులు శుద్ధి చేసిన ఇట్టి మట్టి రేకులను నైలానులో విడివిడిగా పరచి, కొద్దిపాటి మట్టితోనే దాని బలమును, గాలిని ఆపు శక్తిని పెంచవచ్చునని చూపిరి. 2001లో అమెరికాలో విల్సన్ సంస్థ అభ్రకమునకు చుట్టమైన వెర్మిక్యులైట్ రేకులను బ్యూటైల్ రబ్బరుతో కలిపి టెన్నిసు బంతి లోపల పూతగా వాడినది. ఆ పూత బంతిలోని గాలిని ఎక్కువ కాలము నిలిపినది.

అయితే మట్టిని గుప్పెడు తీసి రబ్బరులో కలిపినంత మాత్రమున ఈ ఫలము రాదు. రేకులు విడిపోక గడ్డలుగా మిగిలినచో ఆ గడ్డల అంచుల వెంట గాలి మరింత సులభముగా పోవును. విడివడి, పొర వెంబడి పడుకొన్న రేకులే పని చేయును.

హైటెక్ సిటీ పొట్లము, పల్లె గోనె

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరు రాతిగుట్టల నడుమ 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ భవనము ప్రారంభింపబడినది. నేడు ఆ హైటెక్ సిటీలోను, గచ్చిబౌలిలోను కంప్యూటరు కొలువులు చేయు యువతీయువకులు కొనుక్కొను ఉబ్బిన చిప్సు పొట్లమే మీ ఊరి కిరాణా కొట్టులోను వ్రేలాడుచున్నది. ఆ పొట్లము లోపల వెండివలె మెరయునది అల్యూమినియము పూత. దాని మందము తల వెండ్రుకలో వేయవ వంతు కూడ ఉండదు. ఆ పొట్లములో ప్రాణవాయువును తీసివేసి నత్రజని నింపుదురు. ప్రాణవాయువు తగిలినచో నూనె ముక్కిపోవును గనుక ఇంత కట్టుదిట్టము.

కొన్ని రూపాయల చిరుతిండికి ఇంత రక్షణ కలదు. ఏడాది కష్టమునకు ఫలమైన కందుల బస్తాకు మాత్రము గోనెసంచియే దిక్కుగా ఉన్నది. గోనె సందుల నుండి గాలియు, తేమయు, పురుగును యథేచ్ఛగా రాకపోకలు సాగించును. పుచ్చిపోవునను భయముతో రైతు పంట ఇంటికి వచ్చిన నెలలోనే, ధర తక్కువగా ఉన్నప్పుడే అమ్ముకొనును. విత్తనమునకు దాచుకొన్నది పుచ్చినచో మరల వెల పెట్టి కొనును. రెండు విధముల నష్టము అతనిదే.

గచ్చిబౌలి నుండి బాహ్యవలయ రహదారి మీద ఉత్తరముగా పోయినచో పటాన్‌చెరు వచ్చును. మెట్ట పంటల పరిశోధనకై 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ అక్కడ కలదు. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు కందులను, వేరుశనగను మూడు పొరల సంచులలో నిలువచేసి, మామూలు సంచులలోని గింజతో పోల్చి చూచిరి. మూడు పొరల సంచిలో పురుగు నష్టము మిక్కిలి తగ్గినది. గింజ మొలకశక్తి మెరుగుగా నిలిచినది.

ఈ సంచి పుట్టినది ఆఫ్రికాలో. 1980ల చివర కామెరూను దేశములో అలసందలు పుచ్చిపోవుట చూచి, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు లారీ మర్డాకును ఆయన సహచరులును దీనిని రూపొందించిరి. లోపల రెండు గట్టి పాలిథీను సంచులు, ఒక్కొక్కటి సుమారు 80 మైక్రానుల మందము. వెలుపల బలము కొరకు అల్లిన ప్లాస్టిక్ బస్తా. ఇంతే దాని నిర్మాణము. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారములోనికి తెచ్చిన సూపర్ బ్యాగు మరియొక జాతి. అందులో పాలిథీను పొరల నడుమ గాలిని బాగుగా ఆపు వేరొక ప్లాస్టిక్ పొరను ఇమిడ్చిరి. పాలిథీను తేమను ఆపి నడిమి పొరను కాపాడును. నడిమి పొర ప్రాణవాయువును ఆపును. ముందు చెప్పిన మేళవింపు సూత్రమే ఇక్కడ పొరల రూపము దాల్చినది.

పురుగు దాహముతో చచ్చును

పాలిథీను ప్రాణవాయువును పూర్తిగా ఆపదని పైన చెప్పితిమి. మరి ఆ పాలిథీను సంచి పురుగును ఎట్లు అణచును? బావిని తలచుకొనుడు. ఊట ఉన్నను, ఊరు నీటికంటె తోడు నీరు ఎక్కువైనచో బావి ఎండిపోవును. సంచిలోను అంతే. గింజలో ఉన్న పురుగులు శ్వాసించి ప్రాణవాయువును ఖర్చు చేయును. పొర గుండ ఊరివచ్చు ప్రాణవాయువు ఆ ఖర్చుకు చాలదు. మామూలు గాలిలో నూటికి 21 పాళ్లుండు ప్రాణవాయువు సంచిలో క్రమముగా తగ్గి, బొగ్గుపులుసు గాలి పెరుగును.

ఇందులో ఒక వింత కలదు. ఎండు గింజలో బ్రతుకు పురుగునకు త్రాగుటకు నీరు ఉండదు. అది తిన్న ఆహారమును ప్రాణవాయువుతో కలిపి దహించునప్పుడు దాని శరీరములోనే కొంత నీరు పుట్టును. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ నీరు పుట్టదు. పురుగు తినుట మానును, గ్రుడ్లు పెట్టుట మానును, తుదకు దాహముతో ఎండి చచ్చును. మందు లేదు, విషము లేదు. పురుగు తన ఊపిరితోనే తనకు ఉరి పోసికొనును.

ఇది మన పెద్దలకు తెలియని విద్య కాదు. రాయలసీమలోను, తెలంగాణలోను జొన్నలను నేలలో త్రవ్విన పాతరలలో పోసి మూత పెట్టి మట్టితో మెత్తెడివారు. మూత తీసిన వెంటనే పాతరలోనికి దిగరాదనియు, గాలి ఆడనిచ్చి దిగవలెననియు హెచ్చరించెడివారు. లోపల ప్రాణవాయువు తరిగి ఉండుటయే ఆ అపాయమునకు కారణము. అదే కారణమున పురుగు కూడ బ్రతుకజాలకుండెను. పాతరలో మట్టి చేసిన పనిని నేడు పాలిథీను పొర చేయుచున్నది.

తడి గింజకు ఈ సంచి శత్రువు

ఇక మరువరాని మాట. గాలి చొరని సంచి లోపలి తేమను కూడ బయటికి పోనీయదు. గోనెసంచిలో తడి గింజ కొంతైనను ఆరును. ఈ సంచిలో అది కుళ్లును. భారత విత్తన ధృవీకరణ ప్రమాణముల ప్రకారము మామూలు సంచిలో ఉంచు వరి విత్తనములో తేమ 13 శాతము, కంది విత్తనములో 9 శాతము వరకు ఉండవచ్చును. తేమ చొరని పాత్రలో ఉంచునప్పుడు రెండింటికిని 8 శాతమునకు మించరాదు. వేరుశనగకు మామూలు సంచిలో 9 శాతము, తేమ చొరని పాత్రలో 5 శాతము. సంచి ఎంత గట్టిదైన గింజ అంత ఎండవలెను.

వేరుశనగ విషయములో ఇది ప్రాణముతో కూడిన సంగతి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియకుండ చచ్చినవి. వాటి మేతలోని వేరుశనగ పిండి బూజుపట్టి విషమైనదని పరిశోధనలో తేలినది. ఆ విషమే అఫ్లాటాక్సిన్. అది కాలేయమునకు పుట్టకురుపు తెచ్చునని రుజువైనది. వండినను, వేయించినను పూర్తిగా పోదు. తడి ఆరని కాయలను నిలువచేసినచో ఈ బూజు పెరుగును. కనుక కల్లములో ఎండబెట్టుట ముందు, సంచి తరువాత.

ఇంట్లో మందు బిళ్ల వద్దు

పురుగును చంపుటకు కొందరు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను తెచ్చి గోనెసంచులలోను, పడకగది మూలనున్న గాదెలోను వేయుచున్నారు. ఆ బిళ్లకు గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీను అను విషవాయువు వెలువడును. గోనె ఆ వాయువును ఆపదు. అది ఇంటిలోనికి వ్యాపించును. ప్రక్కన నిద్రించు పిల్లల ప్రాణములకు అపాయము. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. చట్టము ప్రకారము అది ప్రభుత్వ సంస్థలును, నిపుణుల పర్యవేక్షణలో పనిచేయువారును మాత్రమే వాడదగినది. ఇంటి ధాన్యమునకు ఈ బిళ్ల వేయరాదని సభ్యులు ప్రతి గడపకును చెప్పవలెను. గాలి చొరని సంచి వలన కలుగు మేలులలో పెద్దది బహుశః ఇదియే: ఆ బిళ్లతో పని తప్పును.

సభ్యులు చేయదగిన పనులు

సంచిని కొనునప్పుడు లోపలి ప్రతి పొరను గాలితో ఊది, మూతి మెలిపెట్టి పట్టుకొని, చేతితో నొక్కి చూడవలెను. గాలి పోయినచో ఆ సంచి తిరిగి ఇచ్చివేయదగినది. గింజను బాగుగా ఎండబెట్టి, చల్లారిన పిదప, రాళ్లు, ముళ్లు, పుల్లలు ఏరివేసి నింపవలెను. మొనగల కాయల గీత ఒక్కటి చాలును, మొత్తము శ్రమ వ్యర్థమగును. నింపునప్పుడు గింజల నడుమ గాలి మిగులకుండ అదిమి, లోపలి సంచి మూతిని మెలిపెట్టి మడచి త్రాటితో బిగించవలెను. తరువాత రెండవ సంచిని, ఆపై బస్తాను అట్లే విడివిడిగా కట్టవలెను. పదే పదే విప్పి చూచినచో ప్రాణవాయువు మరల లోపలికి చేరును. ఇంటి వాడకమునకు కావలసిన గింజను వేరుగా ఉంచుకొనుట మేలు.

సంచిని నేలపై గాక బల్లలపై, గోడకు ఎడముగా ఉంచవలెను. ఎలుక ఏ ప్లాస్టిక్కునైనను కొరుకును. కొన్ని జాతుల పురుగులు సన్నని పొరను తొలువగలవు. సంచి ఉన్నదిగదా అని ఎలుకల సంగతి మరచుట తగదు.

తేమ కొలుచు యంత్రము ప్రతి ఇంట ఉండదు. పంచాయతీ గాని, సహకార సంఘము గాని, మహిళా సంఘము గాని ఒక యంత్రమును తెచ్చి ఊరికంతటికి ఉపయోగపడునట్లు చేయవచ్చును. యంత్రము లేనిచోట ఎండిన గాజుసీసాలో పొడి ఉప్పును గింజను పోసి బాగుగా కుదిపి చూడుడు. ఉప్పు సీసా గోడకు అంటుకొనినచో తేమ 15 శాతమునకు పైన ఉన్నట్లు. అంటుకొననంత మాత్రమున చాలినంత ఎండినదని తలంపరాదు. తడి హెచ్చుగా ఉన్నదని తెలిసికొనుటకే ఇది ఉపయోగించును. మొదటి ఏడు ఊరిలో ఒకరిద్దరు రైతుల ఇండ్లలో ఒకే పంట గింజను ఒక గోనెలోను, ఒక మూడు పొరల సంచిలోను ఉంచి, విత్తు కాలమున గ్రామసభ ఎదుట విప్పి చూపినచో మాటలతో పని ఉండదు. రెండు సంచులనుండియు నూరేసి గింజలు లెక్కించి తడి గోనెపట్టాలో చుట్టి మొలకలు లెక్కించిన ఏ సంచి మేలో ప్రతివారికి తెలియును.

మిగిలిన ప్లాస్టిక్ సంగతి

ఈ మేలునకు ఒక మూల్యము కలదు. పలు జాతుల ప్లాస్టిక్కులను, లోహపు పూతను ఒకటిగా అతికిన పొట్లములు గాలిని బాగుగా ఆపును గాని వాటిని విడదీసి తిరిగి వాడుట కష్టము. మీ ఊరి మురుగు కాలువలలో మిగులునవి ఎక్కువగా ఇవియే. రెండు పాలిథీను పొరల సంచి ఈ విషయమున మేలు. లోపలి పొరలు ఒకే జాతివి గనుక కరగించి తిరిగి వాడవచ్చును. 2016 ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు గ్రామ పంచాయతీల పైనను బాధ్యత ఉంచినవి. కనుక చినిగిన సంచులను పొలము గట్టున పారవేయనీయక, కాల్చనీయక, ఒకచోట చేర్పించుట సభ్యుల విధి. చినుగని సంచిని ఊది పరీక్షించి మరల వాడుకొనవచ్చును.

సైకిలు ట్యూబులో గాలి నిలుపుటకు పుట్టిన ప్రశ్న రైతు గింజను నిలుపుటకు దారి చూపినది. శాస్త్రము పొరను గట్టిపరచగలదు. గింజను ఎండబెట్టుట, మూతిని బిగించుట, చిల్లును వెదకుట మాత్రము మనిషి చేతి పనియే. ఆ మూడును శ్రద్ధగా జరిగిన ఇంట విత్తనము కొరకు వచ్చే ఏడు అప్పు చేయవలసిన అవసరము తగ్గును.